అడిగినవారి మాట

మన యిండ్లలో మంచము పట్టిన పెద్దల నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఇంక నన్ను తీసికొనిపోరాదా, తండ్రీ!" ఆ మాట వినబడగానే కోడలు "అట్లనకుడు, అత్తయ్యా" అనును. కొడుకు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. చూడవచ్చిన చుట్టము "పైవాని పిలుపు రావలదా" యని నాలుగు వేదాంతవాక్యములు పలికి కాఫీ త్రాగి పోవును. అందఱును బదులు చెప్పుదురు గాని ఒక్కరును ప్రశ్న వేయరు. "ఎందుకట్లు తోచుచున్నది?" అను చిన్న ప్రశ్నకు మన గృహములలో చోటు లేదు. అశుభమును నోట రానీయకుండుటయే మర్యాద యని మనము చిన్ననాటినుండి నేర్చినాము.

ఇటీవల మేము రెండు చలనచిత్రములను, ఒక గ్రంథమును వెంటవెంటనే పరిశీలించితిమి. మూడింటికిని వస్తువొకటియే: తన మరణమునకు ఇతరుల సాయమును కోరిన మనుష్యుడు. మొదటిది 2004లో అలెహాంద్రో అమెనాబార్ స్పానిషు భాషలో తీసిన 'మార్ అదెంత్రో'. రెండవది 2022లో అమెరికా రచయిత్రి ఆమీ బ్లూమ్ ప్రకటించిన 'ఇన్ లవ్' అను స్మృతిగ్రంథము. మూడవది అదే సంవత్సరము డిసెంబరులో రేవతిగారి దర్శకత్వమున వెలువడిన హిందీ చిత్రము 'సలామ్ వెంకీ'. దాని మూలకథ మన హైదరాబాదులో జరిగినది.

సాయమరణము ధర్మమా యధర్మమా యని యీ కృతులు తీర్పు చెప్పినవా లేదా యనునది మా పరీక్ష కాదు. తీర్పులకు న్యాయస్థానములు, శాసనసభలు కలవు. అడిగినవాని మాటను ఏ కృతి తుదివఱకు విన్నది, ఏది నడుమనే త్రుంచివేసినది యనునదే మా ప్రశ్న. సాహిత్యమునకు ఇట్టి విషయమున వేఱొక యధికారము లేదని మా నమ్మకము.

ముందుగా పేరునుగూర్చి రెండు మాటలు. మన వార్తాపత్రికలు దీనిని 'కారుణ్యమరణము' అని వ్యవహరించుచున్నవి. ప్రభుత్వోద్యోగి చనిపోయినపుడు అతని కుటుంబమున నొకరికిచ్చు కొలువును గూడ మన కార్యాలయములలో 'కారుణ్య నియామకము' అందురు. రెండు చోటులను కారుణ్యము ఇచ్చువానిది. పుచ్చుకొనువాడు చేయి చాచి నిలుచున్నవాడు మాత్రమే. కాని మేము పరిశీలించిన మూడు కథలలోను అడిగినవారెవరును జాలిని కోరలేదు. ఒకడు హక్కును కోరెను. ఒకడు తన బుద్ధి తనకుండగనే వీడ్కోలును కోరెను. ఒకడు తన శరీరము పరులకు పనికివచ్చు నవకాశమును కోరెను. మూడు వేఱువేఱు కోరికలకు మనము ఇచ్చువాని పక్షమునుండి ఒకే పేరు పెట్టి, పేరుతోనే వారి నోరు మూసితిమి.

మన ప్రాచీనులకు వేఱు పదము లుండెను. భీష్మునిది స్వచ్ఛందమరణము. పరీక్షిత్తు చేసినది ప్రాయోపవేశము. ఈ కథలను నేటి చట్టములకు సాక్ష్యముగా తెచ్చుట మా యుద్దేశము కాదు. భీష్మునకు తండ్రి యిచ్చిన వరమున్నది. మన తాతలకు లేదు. మేము గమనించినది వేఱొకటి. అంపశయ్యమీద నున్న భీష్ముడు ఉత్తరాయణమునకై వేచియున్న దినములలో ధర్మరాజునకు ధర్మములు చెప్పెను. ధర్మరాజు ప్రక్కన కూర్చుండి వినెను. ఏడు దినములలో చావవలసిన పరీక్షిత్తు గంగాతీరమున కూర్చుండగా శుకుడు వచ్చి కథ చెప్పెను. మరణమును ఎదుట నుంచుకొన్న మనుష్యుని మాటలు లేనివానిగా మన పురాణములు విడిచిపెట్టలేదు. ఆ సంస్కారము గ్రంథములలో నిలిచినది, గృహములలో నిలువలేదు.

ఇక స్పానిషు చిత్రము. రామోన్ సాంపెద్రో గలీషియా తీరమునకు చెందిన నావికుడు. 1943లో పుట్టెను. 1968 ఆగస్టులో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, రాతిమీదినుండి సముద్రములోనికి దుమికెను. అల వెనుకకు తీసినందున నీరు లోతు లేక మెడయెముక విఱిగెను. నాటినుండి ఇరువదితొమ్మిదేండ్లు మెడ క్రింది శరీరము కదలక పడకమీదనే యుండెను. నోట పుల్ల పట్టుకొని వ్రాయ నేర్చెను. అట్లు వ్రాసిన లేఖలు 1996లో గ్రంథముగా వచ్చెను. 1993నుండి స్పెయిను న్యాయస్థానములను ఆశ్రయించి, తాను చనిపోవుటకు సాయపడువారికి శిక్ష లేకుండ జేయుడని వేడెను. ఎచ్చటను ఫలింపలేదు. 1998 జనవరిలో స్నేహితుల గుప్తసాయముతో మరణించెను. స్పెయినులో ఇట్టి సాయమునకు చట్టము 2021లో వచ్చినది.

ఈ చిత్రములో నుత్తమమైనది నాయకుని వాదము కాదు, వదినెగారి చేతులు. మాన్వేలా అను నా యిల్లాలు మఱదిని దినదినమును ప్రక్కకు త్రిప్పును, కడుగును, త్రినిపించును. ఆమెను ఏ న్యాయస్థానమును అభిప్రాయమడుగలేదు. ఆమెయు చెప్పుకొనదు. మఱది చావు కోరుట ఆమెకు ఇష్టము కాదు; ఆయన కోరికకు అడ్డువచ్చుటయు ఆమెకు ఇష్టము కాదు. ఈ రెండింటి నడుమ ఆమె పడక దుప్పటి సరిచేయుచుండును. అన్న మాత్రము తన కప్పుక్రింద ఇది జరుగరాదని కోపించును. ముసలితండ్రి ఏమియు వాదింపడు. కొడుకు చచ్చుటకంటె కొడుకు చావగోరుట కష్టమను భావమును ఒక్కసారి పలికి యూరకుండును. ఒకే కోరిక ఒకే యింట నలుగురికి నాలుగు విధముల తగులుట నింత నిదానముగా చూపిన చిత్రములు అరుదు.

జూలియా పాత్రయు మెచ్చదగినది. ఆమె రామోనునకు సాయపడవచ్చిన న్యాయవాదిని. ఆమెయు మెదడును క్రమముగా తినివేయు వ్యాధితో నున్నది. ఇరువురును కలిసి మరణింతమని మాట యిచ్చుకొందురు. ఆమె మాట తప్పును. చివర ఆమె సముద్రతీరమున జీవించియుండును. రామోనెవ్వరో ఆమెకు జ్ఞప్తి లేదు. దర్శకు డామెను పిఱికిదియనడు, జ్ఞానురాలనడు. అడిగినవారందఱును తుదివఱకు అడిగియుండరని మాత్రము చూపి విడిచినాడు. ఇది సత్యము.

ఐనను ఈ చిత్రమునందు మాకు పెద్ద లోపమొకటి కనబడినది. రామోను వంటి శరీరస్థితిలోనే యుండి బ్రదుకగోరు మనుష్యు నొక్కని దర్శకుడు తెచ్చెను. ఆయన క్రైస్తవ మతగురువు. చక్రములబండిలో వచ్చిన ఆయన మేడమెట్లు ఎక్కలేడు, రామోను దిగిరాడు. నడుమ నొక పడుచుసన్న్యాసి మెట్లమీద పరుగెత్తుచు వాదములను మోసుకొనిపోవును. ప్రేక్షకులు నవ్వుదురు; మేమును నవ్వితిమి. నవ్వు తగ్గిన పిమ్మట మాకొక సంశయము కలిగెను. బ్రదుకగోరువాడు హాస్యగాడు, చావగోరువాడు కవి యగుట యేమి న్యాయము? ఆ మతగురువు మాటలలో డంబమున్నచో డంబమును నవ్వవచ్చును. ఆయన బ్రదుకును గూడ విని యుండవలసినది. అంతకంటె ముఖ్యము ఆ మెట్లు. ఇద్దఱిని కలియనీయనివి శరీరములు మాత్రమే కావు, ఇల్లు కట్టిన తీరును. రామోను చక్రములబండిని నిరాకరించెను. పోయిన స్వేచ్ఛలో నొక ముక్క తనకు వలదనుట ఆయన యిష్టము. ఆ యిష్టమును గౌరవింపవలసినదే. కాని ఆ మెట్లు లేని యింట ఆ కోరిక అట్లే యుండెడిదా యను ప్రశ్నను చిత్రము చేతికందించి వెంటనే లాగికొనును. బదులుగా కిటికీలోనుండి సముద్రమువఱకు నాయకుడు ఎగిరిపోవు కలను చూపును. ఆ కల అందమైనది. మరణము సముద్రమువలె కనబడినచో ఎవరు వలదనగలరు? ఇట అందము వాదమునకు బదులుగా నిలిచినది.

రెండవది గ్రంథము. ఆమీ బ్లూమ్ భర్త బ్రయన్ వాస్తుశిల్పి. అఱువది దాటిన ప్రాయమున ఆయనకు ఆల్జైమర్ వ్యాధి యని తేలెను. తెలిసిన కొలది దినములలోనే, బుద్ధి పూర్తిగా పోవువఱకు తానుండనని ఆయన నిశ్చయించుకొనెను. అమెరికాలో ఓరెగాను రాష్ట్రము 1994లో ప్రజాభిప్రాయముచే ఇట్టి చట్టమును అంగీకరించెను. అది 1997లో అమలునకు వచ్చెను. అటుపిమ్మట మఱికొన్ని రాష్ట్రములు ఆ త్రోవ పట్టినవి. కాని ఆ చట్టములకు రెండు కట్టుబాట్లు కలవు. రోగి ఆఱునెలలకంటె బ్రదుకడని వైద్యులు చెప్పవలెను. అడుగునప్పుడు బుద్ధి స్థిరముగా నుండవలెను. ఆల్జైమర్ రోగికి మొదటి షరతు సరిపడునాటికి రెండవది సరిపడదు. కావున ఆ దంపతులు 1998లో స్థాపితమైన డిగ్నిటాస్ అను సంస్థకు దరఖాస్తు చేసి, 2020 జనవరిలో స్విట్జర్లాండునకు పోయిరి. స్వార్థబుద్ధితో కాక సాయపడువారిని శిక్షింపని చట్టము ఆ దేశమున 1942నుండి కలదు.

ఈ గ్రంథమునందలి గొప్పతనము దాని గృహలక్షణము. పత్రములు, దూరవాణి సంభాషణలు, వైద్యుల సాక్ష్యములు, విమానపు టిక్కెట్లు, ఎవరికి నిజము చెప్పవలెను, ఎవరికి చెప్పరాదు అను లెక్కలు, ఇవియే పుటలను నింపినవి. మరణమును నిశ్చయించుకొన్న మనుష్యుడు మరునాడు లేచి కాఫీ త్రాగును. భార్యతో చిన్న విషయమున జగడమాడును. దరఖాస్తు తిరస్కరింపబడునేమోయని భయపడును. నిశ్చయమనునది ఒక్క క్షణపు వీరకార్యము కాదు. నెలలు పట్టు కార్యాలయపు పని యని ఈ గ్రంథము చెప్పినంత స్పష్టముగా మఱియేదియు చెప్పలేదు.

ఇందలి అసలు క్రౌర్యము కాలమునకు సంబంధించినది. బుద్ధి యుండగానే పోవలెను. అనగా, ఇంకను మంచి దినములు మిగిలియుండగానే పోవలెను. నేడు మనుమరాలిని గుర్తించుచున్నాడు, నేడు పోవలెనా? ఆఱునెలలు ఆగినచో సంతకము చేయు సామర్థ్యము మిగులునా? ముందుగా పోయినచో బ్రదుకు నష్టము. ఆలస్యము చేసినచో స్వేచ్ఛ నష్టము. ఈ త్రాసునందు సరియైన దినమనునది లేదు. రచయిత్రి ఉన్నదని నటింపదు.

లోపమేమనగా, ఇది భార్య వ్రాసిన గ్రంథము. భర్త మాట మనకు ఆమె మాటలో వినబడును. వ్యాధి అతని పలుకులను తగ్గించిన కొలది ఆమె పలుకులు పెరుగును. ఇది రచయిత్రి తప్పు కాదు. ఆమె ప్రేమను శంకించుటయు మా యుద్దేశము కాదు. ఐనను చదువరి మనస్సున నొక ఖాళీని ఉంచుకొని చదువవలెను. మఱియు, సముద్రములు దాటి పోగల ధనమున్నవారికే ఈ త్రోవ తెఱచియున్నదని గ్రంథము చెప్పకయే చెప్పుచున్నది.

మూడవది మనకు దగ్గఱిది. వెంకటేశ్ అను చదరంగపు ఆటగాడు డుషేన్ కండరక్షయ వ్యాధితో పెరిగెను. ఆ వ్యాధి మగపిల్లలకు చిన్నతనముననే వచ్చును. ముందు నడక పోవును. తరువాత చేతుల బలము. చివరకు ఊపిరి తీయు కండరములు. 2004 డిసెంబరులో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, హైదరాబాదులో కృత్రిమశ్వాసమీద నున్న ఆ యువకుడు తన యవయవములు చెడకముందే వానిని ఇతరులకిచ్చి పోవలెనని కోరెను. తల్లి సుజాతగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును వేడుకొనిరి. 1994నాటి అవయవమార్పిడి చట్టము, చావబోవు వానినుండి అట్టి యవయవములను తీయుటకు మెదడు మరణించినదని వైద్యులు నిర్ధారించిన పిమ్మటనే యంగీకరించును. కోర్టు ఒప్పుకొనలేదు. కొలది దినములకే డిసెంబరు 17న ఆయన మరణించెను. ఈ కథనాధారముగా శ్రీకాంత్ మూర్తి యాంగ్లమున నొక నవల వ్రాసిరి. ఆ నవలయే చిత్రమైనది. తెలుగు బాలుని కథ మనకు ఆంగ్లపుటల మీదుగా, హిందీ తెరమీదుగా తిరిగి వచ్చినది.

కాజోల్ తల్లిగా నటించిరి. ఆమె మాటలాడని చోటులందు చిత్రము బాగున్నది. కొడుకు కోరికను కోర్టున కెక్కించుట యనగా, కన్నతల్లి తన చేతితో అర్జీ వ్రాయుట. ఏ తల్లి యైన సంతకము చేయబోవునప్పుడు కలము ఎట్లు బరువెక్కునో ఆ నటీమణి ముఖమున మనము చూడగలము. కాని దర్శకురాలు ఆ మౌనమును నమ్మలేదు. ద్వితీయార్ధమున న్యాయవాదులు, వార్తాహరులు, వాదప్రతివాదములు వచ్చి కూర్చుండిరి. రోగి ఎల్లప్పుడు నవ్వుచు, నవ్వించుచు, సినిమాలలోని పలుకుల నుదాహరించుచు నుండవలసినవాడాయెను. విసుగు, అసూయ, రాత్రిభయము, తల్లిమీద కోపము, ఇవి అతని యుసురులో నుండియుండవా? మంచి రోగి నవ్వవలెనను నియమము మన ప్రేక్షకులది. ఆ నియమమునకు తలయొగ్గి చిత్రము వెంకటేశును దేవుని చేసి, మనుష్యునిగా విననొల్లలేదు.

ఇంకొక సూక్ష్మమున్నది. దానము చేయుటకు చావు కోరినాడు గావున ఆ కోరిక మనకు పవిత్రముగా తోచును. అదే కోరికను దానము మాట లేక అడిగియున్నచో ఇంతమంది కన్నీరు పెట్టియుందురా? పరులకు ఉపయోగపడినప్పుడే రోగి మాటకు విలువ యిచ్చు సంఘము, ఉపయోగపడనప్పుడు అతని బ్రదుకునకు విలువ యిచ్చునా? చిత్రము ఈ ప్రశ్నవఱకు వచ్చి, కన్నీటిలో దానిని ముంచివేసినది.

మూడు కృతులను ప్రక్కప్రక్కన నుంచినపుడు మాకు తోచినది చెప్పుదుము. 'నేను పోవలెను' అను వాక్యము ఒకటియే; దాని యర్థము లనేకములు. ఓరెగాను రాష్ట్రపు ఆరోగ్యశాఖ ఏటేట నొక నివేదిక ప్రకటించును. అట్లడిగినవారు వైద్యులతో చెప్పిన కారణములందు ముందు నిలుచునవి మూడు: స్వాతంత్ర్యము పోవుట, జీవితమున సుఖమిచ్చిన పనులు చేయలేకపోవుట, గౌరవము పోవుట. మొదటిదానిని దాదాపు పదింట తొమ్మండ్రు చెప్పుదురు. నొప్పి, లేదా నొప్పి భయము, వానికి చాల వెనుక వచ్చును. ఇంటివారికి బరువగుదుమేమోయను చింతయు తక్కువది కాదు. మఱొక విశేషము: మందును వ్రాయించుకొన్న వారిలో సుమారు మూడవవంతు దానిని వాడుకొనకయే సహజముగా మరణించుచున్నారు. తలుపు తెఱచియున్నదను ధైర్యముతోనే కొందఱు గదిలో నిలిచియుందురు కాబోలు.

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమమును స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట దాది, తరువాత సంఘసేవిక, తరువాత వైద్యురాలు. చావబోవు రోగి బాధ శరీరమున మాత్రమే లేదని, మనస్సున, కుటుంబమున, ఆత్మయందును కలదని ఆమె చెప్పి, దానికి సంపూర్ణవేదన యని పేరిడెను. మన దేశమున 1993లో కోళిక్కోడులో రాజగోపాల్, సురేశ్‌కుమార్ అను వైద్యులు మొదలిడిన ఉపశమనసేవ ఆ బాటలోనిదే. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో అట్టి విభాగము కలదు. మాదకద్రవ్యముల చట్టము 1985నాటిది. దాని కట్టుబాట్లవలన మార్ఫిను రోగులకు దొరకుట దుర్లభమై, 2014లో సవరణము వచ్చినది. నొప్పికి మందు దొరకనిచోట మరణమడుగుట స్వేచ్ఛ యనిపించుకొనదు. దిగులునకు చికిత్స లేనిచోటను అంతే. దిగులు రోగమే, అది తగ్గిన పిమ్మట పలువురి కోరిక మాఱును. అడిగినవానిని వినుటయనగా అడిగినదానిని వెంటనే యిచ్చుట కాదు, ఏమడిగినాడో తెలిసికొనుట.

ఇచ్చట మా యింటి మాట యొకటి చెప్పక తీఱదు. విమర్శకుడు ఇతరుల కృతులను తూచి తన గృహమును దాచుకొనరాదు.

మా మేనత్త దొడ్డిలో జాఱిపడి తుంటియెముక విఱిగి మంచము పట్టినది. నెల తిరుగకముందే "నాకింత విషమీయరాదా" యని మొదలిడినది. మేమందఱము పైన చెప్పిన యింటివారివలెనే ప్రవర్తించితిమి. ఒకనాడు ఆమె మనుమరాలు, పదునాఱేండ్ల పిల్ల, "ఎందుకు నాయనమ్మా?" యని యడిగినది. ముసలమ్మ చాలసేపు ఊరకుండి, "నా కొడుకు నన్ను కడుగుచున్నాడే" అన్నది. అంతే. పగలు కోడలు పాఠశాలకు పోవును. కొడుకే సమస్తము చేయుచుండెను. అతడు ప్రేమతోనే చేసెను. ఆ ప్రేమయే ఆమెకు భరింపరానిదైనది. మఱుదినమే యొక ఆయాను కుదిర్చితిమి. విషము మాట ఆగిపోయినది. ఆమె ఆవకాయ కారముమీద తీర్పులు చెప్పుట మఱల మొదలిడినది.

ఇచ్చటనే ముగించినచో కథ బాగుండును; నిజము కాదు. ఎనిమిది నెలల పిమ్మట ఆమె మూత్రపిండములు చెడినవి. ఆసుపత్రికి పోవుదమనగా ఆమె "వలదు, ఇంక చాలును" అన్నది. మేము నవ్వితిమి. "మొన్నను ఇట్లే యంటివి గదా, అత్తా" యని మేమే యంటిమి. పెద్ద యాసుపత్రికి తీసికొనిపోయితిమి. పదునొకండు దినములు గొట్టముల నడుమ నుండెను. వానిని లాగివేయుచున్నదని రెండు చేతులను మంచమునకు కట్టిరి. నాలుగవనాటినుండి ఆమె మాతో మాటలాడలేదు; మాటలాడలేక కాదు. మొదటి మాటకు అర్థము వేఱని తెలిసికొన్న తెలివితో, రెండవ మాటను మేము విననేలేదు. మొదటిసారి ఆమె అడిగినది మఱుగు. రెండవసారి అడిగినది తాను చెప్పినదే.

ఆమె రెండవ కోరిక సాయమరణము కాదు, చికిత్స వలదనుట. ఈ భేదమును చదువరులు గుర్తింపవలెను. మందునిచ్చి మరణమును కలిగించుట మన దేశమున చట్టసమ్మతము కాదు. ముంబయి దాది అరుణా శాన్‌బాగ్ 1973లో నొక దుర్మార్గుని యాఘాతమువలన స్పృహ కోల్పోయి, నలువదియొక యేండ్లకు పైగా అదే యాసుపత్రిలో పడకమీద నుండి 2015లో మరణించెను. ఆమె తరపున పింకీ విరాణి వేసిన యర్జీని సుప్రీంకోర్టు 2011లో త్రోసివేసెను; ఆమెను కన్నకూతురివలె సాకిన దాదులు ఆ యర్జీ కొప్పుకొనలేదు. ఐనను, కృత్రిమముగా ప్రాణము నిలుపు సాధనములను కొన్ని కట్టుబాట్లతో తొలగింపవచ్చునని ఆ తీర్పే అంగీకరించెను. 2018 మార్చిలో రాజ్యాంగధర్మాసనము, గౌరవముతో మరణించుట జీవనహక్కులోని భాగమనియు, అట్టి చికిత్స తనకు వలదని ముందుగా వ్రాసియుంచు పత్రము చెల్లుననియు నిర్ణయించెను. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసిరి: ఇద్దఱు సాక్షుల యెదుట సంతకము, నోటరీ లేదా గెజిటెడు అధికారి ధ్రువీకరణము చాలును. మా మేనత్తకు చదువు వచ్చును. సంతకము చక్కగా చేయును. పొలము వీలునామా వ్రాయించితిమి. ఈ పత్రము మాట ఎత్తుటకు మాకెవ్వరికిని నోరు రాలేదు.

కావున కృతులవిషయమున మా తీర్పిది. మూడింటిలో అడిగినవాని మాటను ఎక్కువదూరము విన్నది ఆమీ బ్లూమ్ గ్రంథము. ఏలయనగా అది నిశ్చయమును దినములుగా విడదీసి చూపినది. స్పానిషు చిత్రము ఇంటివారిని బాగుగా వినినది, నాయకుని మాత్రము కొంత ప్రేమించి, కొంత అలంకరించినది. 'సలామ్ వెంకీ' తల్లిని విన్నది. కొడుకు మాట చప్పట్లలో పోయినది. మూడింటిని చూచిన పిమ్మట అనుకూలురు అనుకూలురుగానే, ప్రతికూలురు ప్రతికూలురుగానే యుండవచ్చును. మేమును ఏ పక్షమున చేరితిమని చెప్పజాలము. ఒక్కటి మాత్రము నేర్చితిమి: ఆ మాట ఉత్తమాటయనుకొనుట యెంత ప్రమాదమో, ఆ మాటయే కడపటి నిర్ణయమనుకొనుటయు నంతే ప్రమాదము. రెండును వినకపోవుటయే.

ఈ వ్యాసము చదువు సోదరసోదరీమణులలో పలువుర యిండ్ల ప్రక్కగదిలో నొక మంచముండును. ఆ మంచముమీదివారు రేపు ఉదయము మఱల ఆ మాట యనవచ్చును. "అట్లనకుడు" అని తొందరపడకుడు. కుర్చీ దగ్గఱకు లాగుకొని కూర్చుండి, ఎందుకట్లు తోచుచున్నదని యడుగుడు. బదులు వెంటనే రాకపోవచ్చును. లేవకుడు.